కాన్పు తర్వాత పరుగు: ఎనిమిదో నెల లెక్కలు

ముందు బూట్ల సంగతి. కాన్పుకు ముందు కొన్న జత వేళ్ల దగ్గర పట్టేస్తోంది. వాపు ఎప్పుడో తగ్గింది, పాదమే మారింది. గర్భంతో ఉన్నప్పుడు ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు వదులవుతాయి, పెరిగిన బరువుకు అరికాలి వంపు కిందికి దిగుతుంది, కొందరిలో అది మళ్లీ పైకి రాదు. ఒక సైజు పెద్దవి, ముందుభాగం వెడల్పుగా ఉన్నవి కొన్నాను. పాతవి చెల్లెలికి ఇచ్చేశాను. పాదం పెరిగినందుకు బాధ లేదు గానీ, వాటికి పెట్టిన డబ్బు మాత్రం గుర్తొచ్చింది.

నాది సిజేరియన్. ఆరో వారంలో వైద్యురాలు చూసి, ఇక మామూలు పనులు చేసుకోవచ్చన్నారు. మామూలు పనుల్లో పరుగు లేదు. బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు 2019లో రాసిన మార్గదర్శకాలు 12 వారాల లోపు పరుగు వద్దంటాయి. ఆ తర్వాతైనా అరగంట నడక, ఒంటికాలిపై 10 సెకన్లు నిలబడటం, ఉన్నచోటే నిమిషం పరుగు, ఒక్కో కాలిపై 10 గెంతులు వంటివి ఇబ్బంది లేకుండా చేయగలగాలి. నొప్పి ఉండకూడదు, కింద బరువుగా జారుతున్నట్టు ఉండకూడదు, మూత్రం కారకూడదు. నాకు గెంతుల దగ్గర కారింది. దగ్గినా తుమ్మినా కాళ్లు దగ్గరికి తీసుకునే ఆడవాళ్లను మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. దానికి వ్యాయామం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ వ్యాయామం ఇది: మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను లోపలికి, పైకి లాగి 8 నుంచి 10 లెక్కపెట్టే దాకా పట్టి ఉంచాలి, తర్వాత పూర్తిగా వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు. అలా 10 సార్లు, ఆపై వేగంగా బిగించి వదలడం మరో 10. రోజుకు 3 విడతలు. పాపకు పాలిచ్చేటప్పుడే కానిచ్చేస్తాను, ఎవరికీ తెలియదు.

నడికట్టు దగ్గర అత్తమ్మతో చిన్న పేచీ. "విప్పేస్తే కడుపు అలాగే నిలిచిపోతుందమ్మా" అంటారు. మొదటి వారాల్లో నడుముకు అది మంచి ఆసరా, కాదనను. కానీ కండరానికి బలం కట్టుతో రాదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం ఎత్తి బొడ్డు పైన వేళ్లు పెట్టి చూస్తే పొట్ట కండరాల మధ్య ఎడం తెలుస్తుంది. అప్పట్లో రెండు వేళ్లకు పైనే, ఇప్పుడు ఒకటిన్నర.

పరుగు మా కర్నూలులో కె.సి. కెనాల్ గట్టు మీద. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలై, ఇప్పుడు ఆదివారం 10 కిలోమీటర్ల దాకా వచ్చింది. వేగం కిలోమీటరుకు 7 నిమిషాల 40 సెకన్లు, కాన్పుకు ముందు ఆరుంపావు. గడియారం చూడటం తగ్గించాను. మూత్రం కారి తడవకుండా ఇంటికి వస్తే ఆ వారం దూరం పెంచుతాను, తడిస్తే అక్కడే ఆగుతాను. జగన్నాథగట్టు కొండ ఎక్కడంలో ఏ తంటా లేదు, దిగేటప్పుడే కారుతుంది. దిగడంలో ప్రతి అడుగుకూ దెబ్బ గట్టిగా పడుతుంది. అందుకే అక్కడ నడుస్తాను. ముదురు రంగు ప్యాంటు, లోపల ప్యాడ్.

ఒంటి వేడికి పాలు విరిగిపోతాయని పక్కింటి పిన్ని గట్టి నమ్మకం. మితమైన వ్యాయామంతో పాలు తగ్గవు, చెడవు. నిండిన రొమ్ములతో పరుగెత్తడం మాత్రం నరకం. పాలిచ్చాకే బయలుదేరతాను, ఒకదానిపై ఒకటి రెండు బ్రాలు. పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు అదనంగా రోజుకు 600 కిలోకేలరీలు, తర్వాత 520 కావాలని మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. పరుగు ఖర్చు దానిపైన. జొన్నరొట్టె, వేరుశెనగ పొడి రెండింతలయ్యాయి. ఐరన్ మాత్ర కాన్పు తర్వాత 180 రోజులు, టీతో కలపకుండా. జుట్టు రాలింది, మళ్లీ వస్తోంది.

గురి ఆగస్టు హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్లు. అక్కడి ఫ్లైఓవర్లు దిగేటప్పుడూ నడకే. మే ఎండకు ఐదింటికే బయలుదేరాలి, రెండు గంటలు దాటే పరుగులకు పిండిన పాలు కావాలి. 25 డిగ్రీల లోపైతే బయట 4 గంటలు ఉంటాయంటారు. కర్నూలు మేలో తెల్లవారుజామునా ఆ చల్లదనం ఉండదు, నేరుగా ఫ్రిజ్‌లోకే. మా ఆయన ఉగ్గుగిన్నెతో పడితే పాప తాగుతోంది, అత్తమ్మ పడితే మూతి తిప్పుకుంటోంది. ఆదివారం ఉదయాలు ఇక ఆయనవే.