స్టేషన్ నుంచి మూడు కిలోమీటర్లు

మ్యూనిక్‌లో ఎస్2 రైలెక్కితే డాఖావ్ అరగంట కూడా పట్టదు. స్టేషన్ బయటే అక్కడి నాజీ నిర్బంధ శిబిరం స్మారకానికి వెళ్ళే 726 నంబరు బస్సు ఆగి ఉంది. "బస్సొద్దమ్మా, నడుద్దాం" అన్నాడు మావాడు. వీధి చివర సూపర్‌మార్కెట్‌కి పంపితేనే సణిగే పద్నాలుగేళ్ళ పిల్లాడు!

బవేరియాలో హైస్కూలు పిల్లల్ని ఇలాంటి చోటుకి తీసుకెళ్ళడం చదువులో భాగం. వీళ్ళ క్లాసు వచ్చే నెల వెళ్తోంది. అంతకుముందే నాతో ఒకసారి చూసి రావాలని వాడే అడిగాడు. ఎందుకురా అంటే రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు అన్నం తింటూ, తల ఎత్తకుండా అన్నాడు: "క్లాసు మొత్తంలో ఇంట్లో ఆ గుర్తు ఉన్నది నాకొక్కడికే."

ఆ గుర్తుతో మాకు పాత కథ ఉంది. ఐదేళ్ళ కిందట మా అత్తగారు ఇక్కడున్నప్పుడే కొత్త కారు కొన్నాం. ఆవిడ ఊరుకుంటారా? నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు, కుంకుమతో ఇంత పెద్ద స్వస్తిక్. చెత్తబుట్ట పట్టుకుని కిందికి వచ్చిన మూడో అంతస్తు పెద్దావిడ అది చూసి అక్కడే నిలబడిపోయింది. మా అత్తగారు నవ్వుతూ కొబ్బరిచెక్క చేతిలో పెట్టబోయారు. ఆవిడ అందుకోలేదు. మావాడు ఇంట్లోకి పరిగెత్తి తడిగుడ్డ తెచ్చి మొత్తం తుడిచేశాడు. "దేవుడి గుర్తు చెరిపేస్తావురా!" అని అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఆ సంగతి ఎవరు చెప్పారో నాకు తెలీదు. నేనైతే చెప్పలేదు.

ఆ రాత్రి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇక్కడ మనవాళ్ళందరూ పిల్లలకి చెప్పేదే నేనూ చెప్పాను: "నాజీలది తిరగేసిన గుర్తు నాన్నా, మనది వేరు." నిరుడు చరిత్ర పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. తిరగేసింది కాదు. చేతులు వంగే వైపు ఒకటే. వాళ్ళు దాన్ని కాస్త ఏటవాలుగా, మూల మీద నిలబెట్టారు, అంతే. వాట్సాప్‌లో వచ్చింది పిల్లలకి చెబితే ఇలాగే ఉంటుంది. నాజీల గుర్తుల్ని బహిరంగంగా చూపడం ఇక్కడ నేరం, దానికి 86ఎ అని సెక్షనే ఉంది. గుళ్ళో, పూజగదిలో ఉండేదాని మీద ఎవరికీ పేచీ లేదు. కానీ పద్నాలుగేళ్ళ వాడికి కావాల్సింది సెక్షన్ నంబరు కాదు. ఫ్రెండ్ ఇంటికొస్తే దేవుడి గది తలుపు వెయ్యాలా, తియ్యాలా అన్నదే వాడి టెన్షన్.

నడిచాం. స్టేషన్ నుంచి శిబిరం దాకా మూడు కిలోమీటర్ల దారికి 'స్మరణ మార్గం' అని పేరు పెట్టి, పన్నెండు పలకలు నిలబెట్టారు. ఒక్కో పలక దగ్గరా వాడు ఆగి చదవడం, నాకు అర్థం కాని జర్మన్ మాటల్ని తెలుగులో చెప్పడం. ఖైదీల్ని ఈ వీధుల్లోనే, ఈ ఇళ్ళ ముందు నుంచే నడిపించారట. ఇప్పుడూ అన్నీ ఇళ్ళే. పెరట్లో ట్రాంపోలిన్లు, కిటికీల్లో పూలకుండీలు. ఒకచోట పాత రైలు పట్టాల ముక్క గడ్డిలో అలాగే ఉంచేశారు. రైళ్ళు నేరుగా శిబిరం లోపలికే వెళ్ళేవి. "వీళ్ళు ఎక్కడ ఫారం నింపినా ఊరి పేరు డాఖావ్ అని రాయాలి కదమ్మా" అన్నాడు. ఆ ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

గేటు ఇనుప కడ్డీల మధ్య 'ఆర్బైట్ మాఖ్ట్ ఫ్రై', అంటే 'పని చేస్తే విముక్తి' అన్న అక్షరాలు. 2014లో ఈ తలుపునే ఎవరో ఎత్తుకుపోతే రెండేళ్ళ తర్వాత నార్వేలో దొరికింది. అసలుది ఇప్పుడు లోపల మ్యూజియంలో ఉంది, గేటుకి ఉన్నది నకలు.

లోపల అంతా ఖాళీ. అదే తట్టుకోలేం. తలలు లెక్కపెట్టిన పెద్ద కంకర మైదానం, ఆ వెనక వరసలు వరసలుగా బ్యారక్‌ల పునాదులు మాత్రమే. చూడ్డానికి రెండు బ్యారక్‌లు మళ్ళీ కట్టారు. 1933 మార్చి 22న తెరిచిన శిబిరం ఇది, హిట్లర్ గద్దెనెక్కిన రెండు నెలల్లోపే. మొదట తెచ్చింది రాజకీయ ప్రత్యర్థుల్ని. 1938 నవంబరులో యూదుల ఇళ్ళ మీద, దుకాణాల మీద దాడులయ్యాక ఒక్కసారే పదివేల మందికి పైగా యూదుల్ని తెచ్చి పడేశారు. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం వచ్చేదాకా మొత్తం రెండు లక్షల మందికి పైగా ఇక్కడ బందీలు. చనిపోయినవాళ్ళు 41,500 మంది.

"నాజీలు యూదుల్ని చంపడాన్ని హోలోకాస్ట్ అంటారు కదా, తెలుగులో ఏమంటారు?"

"మారణహోమం."

"హోమం అంటే? మన గృహప్రవేశంలో చేసిందా?"

నలభై ఏళ్ళుగా వార్తల్లో వింటున్న మాట. ఎప్పుడూ విడదీసి వినలేదు. అవునన్నాను. హోలోకాస్ట్ అన్న గ్రీకు మాటకీ పూర్తిగా దహించి ఇచ్చే బలి అనే అర్థమని, అందుకే చాలామంది యూదులు దాన్ని వాడకుండా 'షోఆ' అంటారని వాళ్ళ టీచర్ చెప్పిందట. షోఆ అంటే హీబ్రూలో విపత్తు. "మనకి వేరే మాట లేదా?" అన్నాడు. వెతుకుతానన్నాను. ఇంకా వెతుకుతున్నాను.

దహనవాటిక దగ్గర గోడ మీద నాలుగు పేర్లున్న ఫలకం ఉంది. అందులో ఒకటి నూర్ ఇనాయత్ ఖాన్. ఈ పేరు నాకు తెలుసు, వాడికి తెలీదు. బ్రిటన్ తరఫున ప్యారిస్‌లో రహస్యంగా రేడియో సందేశాలు పంపుతూ నాజీలకి పట్టుబడిన అమ్మాయి. 1944 సెప్టెంబరు 13న మరో ముగ్గురు మహిళలతో పాటు ఇక్కడే తుపాకీతో కాల్చి చంపారు. ముప్ఫై ఏళ్ళు. పుట్టింది మాస్కోలో, పెరిగింది ఫ్రాన్స్‌లో, తల్లి అమెరికన్. తండ్రి బరోడా సంగీత కుటుంబంవాడు. నిజాం కొలువులో పాడాడు, తన సూఫీ గురువుని హైదరాబాద్‌లోనే కలుసుకున్నాడు. ఇదంతా చెబితే మావాడు అడిగింది ఒక్కటే: "మరి ఆమె ఇంట్లో ఏ భాష మాట్లాడేది?"

పక్కనే ఒక గది. తలుపు పైన 'బ్రౌజెబాడ్' అని రాసి ఉంది. స్నానాలగది అని అర్థం. నిజానికి విషవాయువుతో మనుషుల్ని చంపడానికి కట్టిన గది. ఇక్కడ సామూహికంగా వాడిన ఆధారం లేదని పలకలో ఉంది, కానీ తలుపు పైన ఆ 'స్నానాలగది' అన్న మాట చదివి లోపలికి నడవడానికి ఇద్దరికీ కాళ్ళు రాలేదు. పక్కనుంచి తిరిగి వచ్చేశాం.

తిరుగు రైల్లో అమ్మ ఫోన్ చేసింది. మా ఊళ్ళో రాత్రి భోజనాల వేళ. ఎక్కడున్నారంటే, ఊరికే అలా నడిచొచ్చాం అన్నాను. "ఊరికేనా?" అని మావాడు ఫోన్ లాక్కున్నాడు.

"అమ్మమ్మా, చాలామందిని చంపిన చోటుకి వెళ్ళాం. కాల్చేసిన చోటు కూడా చూశాం."

అటువైపు కాసేపు ఏమీ వినిపించలేదు.

"అయ్యో నాన్నా. ఇంటికెళ్ళగానే ఏమీ ముట్టుకోకుండా ముందు స్నానం చెయ్యండి. తలమీంచి పోసుకోండి, ఇద్దరూ."

వాడు నా మొహంలోకి చూశాడు. అమ్మమ్మకి చెప్పేస్తాడేమో అనుకున్నాను.

"సరే అమ్మమ్మా" అన్నాడు.