ఎట్టకేలకు నా సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) పాసైంది

నిన్న సాయంత్రం ఆమోదం లెటర్ చేతికొచ్చింది. కమ్యూనిటీ మెడిసిన్ పీజీ థీసిస్. కడుపుతో ఉండగా కోవిడ్ వచ్చిన తల్లుల పిల్లలు ఇప్పుడెలా ఎదుగుతున్నారన్నది టాపిక్. ఫారాలు, ఫీజు, గైడ్ సంతకం చకచకా అయిపోయాయి. ఏడిపించింది రీసెర్చ్ కమిటీ.

సినాప్సిస్‌లో ఒక పేరా రాశాను. మనం కొలిచేది ప్రాణాలతో పుట్టి, ఇప్పటిదాకా బతికున్న పిల్లల్నే. కడుపులోనే పోయినవాళ్లు లెక్కలోకి రారు, కాబట్టి నష్టం ఉన్నదానికన్నా తక్కువగా కనబడొచ్చు అని. ఒక పెద్దాయన అది పైకి చదివి, "పుట్టనివాళ్ల గొడవ నీకెందుకమ్మా? ఉన్నవాళ్లను చూడు చాలు" అన్నారు. అందరూ నవ్వారు. నా గైడ్ కూడా! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సరే అని 1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి సంగతి ఎత్తాను. అప్పుడు కడుపులో ఉన్నవాళ్లకు చదువు, సంపాదన తక్కువ, వైకల్యాలు ఎక్కువ అని ఆర్థికవేత్త డగ్లస్ ఆల్మండ్ 2006లో చూపించారు. ఆయన వాడింది అమెరికా 1960, 1970, 1980 జనాభా లెక్కలు. 1960కే వాళ్లకు 40 ఏళ్లు. గర్భస్రావాలు, పసితనపు చావులు దాటుకొచ్చినవాళ్లే అందులో ఉన్నారు. బలహీనులు ముందే పోయాక కూడా తేడా కనబడిందంటే అసలు దెబ్బ ఎంతో! (మొదటి ప్రపంచ యుద్ధానికి చాలామంది మగవాళ్లు వెళ్లిపోవడంతో ఆ ఏడాది పిల్లల తండ్రులే వేరు రకం అని తర్వాత కొందరు ఆయన్నీ తప్పుపట్టారు. అదింకో తగాదా.)

"అమెరికా సంగతి ఇక్కడెందుకు?" మళ్లీ ఆ సారే. చిర్రెత్తింది. "వెనకబడ్డవాళ్ల చేత పరీక్షే రాయించకుండా నూటికి నూరు పాస్ అని ఫ్లెక్సీ కట్టే కాలేజీలు ఇక్కడివే కదా సార్" అనేశాను. ఈసారి నవ్వింది స్టాటిస్టిక్స్ మేడమ్ ఒక్కరే. "పేరా ఉండనీ. పోయినవాళ్ల లెక్క ఎలా తెస్తావో రాసుకురా" అన్నారు. ఆవిడ లేకపోతే అంతే సంగతులు.

ఆ లెక్క తేవడం మాత్రం నరకం. మన దగ్గర 28 వారాలు దాటాక చనిపోయి పుడితేనే రిజిస్ట్రేషన్. అంతకు ముందు పోయినవి లేబర్ రూమ్, గైనిక్ వార్డు రిజిస్టర్లలో వెతుక్కోవాల్సిందే. కష్టకాలంలో మగ పిండాలు ఎక్కువ పోతాయంటారు, పుట్టినవాళ్లలో మగపిల్లలు తగ్గారేమో అని మగ ఆడ నిష్పత్తి చూద్దామంటే, ఆడపిల్లని తెలిస్తే తీయించేసే పుణ్యాత్ముల వల్ల అదీ నమ్మలేం.

మీరూ ఇలాంటి థీసిస్ చేస్తుంటే, ఆసుపత్రి రికార్డ్స్ సెక్షన్‌కి సూపరింటెండెంట్ సంతకంతోనే వెళ్లండి, లేకపోతే క్లర్కు తలెత్తి కూడా చూడడు. ఎంటీపీ (చట్టబద్ధ గర్భస్రావాల) రిజిస్టర్ అడగకండి, చట్ట ప్రకారం అది గోప్యం. గైడ్ పక్కనున్నారని ధైర్యంగా మాత్రం కమిటీకి వెళ్లకండి.