ఉద్యోగం చేస్తూ ఇగ్నో ఎంబీఏ: ముందు గంటల లెక్క చూసుకోండి

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) దూరవిద్యలో ఇచ్చే ఎంబీఏ మొత్తం 116 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కి 30 గంటల చదువు అని యూనివర్సిటీయే లెక్క కట్టింది. పుస్తకం చదవడం, క్లాసులకు వెళ్లడం, అసైన్‌మెంట్ రాయడం అన్నీ అందులోకే వస్తాయి. గుణిస్తే 3,480 గంటలు. రెండేళ్లలో పూర్తి చేయాలంటే వారానికి 33 గంటలు దాటాలి. అది ఉద్యోగం పక్కన ఇంకో ఉద్యోగం. మూడేళ్లకు సర్దితే వారానికి 22, గరిష్ఠ గడువైన నాలుగేళ్లకు సర్దితే 17 లోపు. బీకాం చేసినవాళ్లకు అకౌంట్స్‌లో, స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్లకు క్వాంట్‌లో, అంటే గణాంకాలతో నడిచే క్వాంటిటేటివ్ పేపరులో, కొంత సమయం మిగులుతుంది. అయినా ఉద్యోగస్తులు మొదటి రోజునుంచే మూడేళ్లకు ప్లాన్ వేసుకోవడం మంచిది. రెండేళ్లలో అయిపోతుందని ఇంట్లో మాటిచ్చి, మూడో సెమిస్టరులో చేతులెత్తేసేవాళ్లున్నారు.

అదృష్టవశాత్తూ పరీక్ష ఫీజు పేపరు వారీగా కట్టాలి. మొదటి సెమిస్టరులో ఏడు పేపర్లు ఉన్నా ఏడూ ఒకేసారి రాయాలన్న రూలు లేదు. జూన్, డిసెంబరుల్లో పరీక్షలు జరుగుతాయి కాబట్టి మొదటి విడతలో నాలుగు రాసి, మూడింటిని తర్వాతి విడతకు ఉంచుకోవచ్చు. ఏ నాలుగు అన్నదే అసలు ప్రశ్న. సులువుగా ఉన్నాయని హెచ్ఆర్, బిజినెస్ కమ్యూనికేషన్ లాంటివి ముందు లాగించేసి, అకౌంట్స్‌ను చివరికి నెట్టేస్తే తర్వాత తల ప్రాణం తోకకొస్తుంది. రెండో సెమిస్టరులో వచ్చే ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ మొదటి సెమిస్టరులోని అకౌంటింగ్ మీదే నిలబడుతుంది. మూడో సెమిస్టరులో వచ్చే రీసెర్చ్ మెథడాలజీకి క్వాంటిటేటివ్ పేపరు పునాది. కాబట్టి మొదటి విడతలో అకౌంటింగ్‌తో పాటు మూడు థియరీ పేపర్లు, రెండో విడతలో క్వాంట్‌తో పాటు మిగతావి. రెండు లెక్కల పేపర్లనూ ఒకే విడతలో పెట్టుకోకండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. పేపర్లు మిగిలాయి కదా, అవి పాసయ్యాకే తర్వాతి సెమిస్టరుకు రిజిస్టర్ చేసుకోవాలేమో అని ఆగిపోతారు. అక్కర్లేదు. మొదటి సెమిస్టరులో ఒక్క పరీక్ష రాయకపోయినా సరే, రీ-రిజిస్ట్రేషన్ గడువులోనే రెండో సెమిస్టరు ఫీజు కట్టేయాలి. ఆ గడువు దాటిందంటే మళ్లీ తర్వాతి సైకిల్ వరకు ఆగాల్సిందే, ఆరు నెలలు ఊరికే పోతాయి. పరీక్ష ఫారం దీనికి పూర్తిగా వేరు. సెమిస్టరు ఫీజు కట్టినంత మాత్రాన హాల్‌టికెట్ రాదు. రాయదలచిన ప్రతి పేపరునూ ఫారంలో విడిగా టిక్ పెట్టి, పేపరుకింత చొప్పున కట్టాలి. ఫోన్‌లో రెండు రిమైండర్లు పెట్టుకోండి: ఒకటి రీ-రిజిస్ట్రేషన్‌కి, ఒకటి పరీక్ష ఫారానికి.

చేరే ముందు చూసుకోవాల్సినవి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇగ్నో కాకుండా వేరే యూనివర్సిటీల్లో చేరాలనుకునేవాళ్లకు ఇదే ముఖ్యం. యూనివర్సిటీకి గుర్తింపు ఉంటే చాలదు. ఆ ప్రోగ్రాం, ఆ విద్యా సంవత్సరానికి, దూరవిద్య పద్ధతిలో నడపడానికి యూజీసీ దూరవిద్యా బ్యూరో, అంటే డెబ్, అనుమతి ఇచ్చిన జాబితాలో ఉండాలి. పోయినేడాది ఉంది కాబట్టి ఈ ఏడాదీ ఉంటుందని అనుకోకూడదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్యను తమ భౌగోళిక పరిధి దాటి నడపకూడదు. పూర్తి ఆన్‌లైన్ ప్రోగ్రాంలకు మాత్రం ఆ హద్దు లేదు. ఫ్రాంచైజీ ఇవ్వడం నిషేధం. అందువల్ల సందు చివర కోచింగ్ సెంటరువాళ్లు ‘మా దగ్గరే అడ్మిషన్, మా దగ్గరే పరీక్ష’ అంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి. పద్ధతిగా గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ స్పష్టం చేసింది. అయితే ఆ సమానత్వం కాగితం మీది అర్హతకే. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు దాంతో రావు. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి ప్రమోషన్‌కో, శాఖ మారడానికో పీజీ కావలసినవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. డిగ్రీ అయిపోగానే దీంతోనే మొదటి ఉద్యోగం వస్తుందని ఆశపడేవాళ్లకు అంతగా కాదు.

ప్రవేశానికి డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 45. దరఖాస్తుకు ముందే డెబ్-ఐడీ (దూరవిద్య విద్యార్థికి డెబ్ పోర్టల్ ఇచ్చే నంబరు) చేసుకోవాలి, దానికి విద్యార్థి క్రెడిట్లను దాచే ఖాతా అయిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ కావాలి, అది డిజిలాకర్ ద్వారా వస్తుంది. ఈ గొలుసు తెగేది పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. మన ఇంటిపేర్లతో ఈ తిప్పలు కొత్తేమీ కాదు. ఆధార్‌ను టెన్త్ మెమో ప్రకారం సరిచేయించుకుని ఆ తర్వాతే మొదలుపెట్టండి. చివరి తేదీ వారంలో పెట్టుకుంటే మీ సేవకో, ఆధార్ సెంటరుకో కాళ్లరిగేలా తిరగాలి.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది, అదే ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారే 1985లో ఇగ్నోకీ తొలి ఉపకులపతి అయ్యారు. గురువు పక్కన లేకుండా చదివేవాడికోసం పాఠం రాసే పద్ధతి అప్పటినుంచీ వస్తున్నదే: యూనిట్ మొదట్లో లక్ష్యాలు, మధ్యలో చిన్న ప్రశ్నలు, చివర్లో అభ్యాసాలు. ఆ చిన్న ప్రశ్నల్ని దాటేసి చదివితే పుస్తకంలో సగం వదిలేసినట్టే. పార్సిల్ రాలేదని కూర్చోవద్దు, పుస్తకాలు ఇగ్నో వెబ్‌సైటైన ఇ-జ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి.

అసైన్‌మెంట్లకు 30 శాతం వెయిటేజీ, పరీక్షకు 70. రెండింట్లోనూ విడివిడిగా పాస్ కావాలి. పరీక్షలో 80 వచ్చినా అసైన్‌మెంట్ ఇవ్వకపోతే ఆ పేపరు పూర్తయినట్టు గ్రేడ్ కార్డులో పడదు. ఎక్కువగా జరిగే పొరపాటు పాత సెషన్ ప్రశ్నలకు జవాబులు రాయడం. వెబ్‌సైటులో జనవరి, జులై ప్రశ్నపత్రాలు పక్కపక్కనే ఉంటాయి, పైన ఏ సెషన్‌కు చెల్లుతుందో రాసి ఉంటుంది, అది చూసి దించుకోండి. చేత్తోనే రాయాలి. మొదటి పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడ్, అసైన్‌మెంట్ కోడ్, స్టడీ సెంటర్ కోడ్ నాలుగూ ఉండాలి. ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫోటో తీసి, ఇచ్చాక రసీదు జాగ్రత్త చేయండి. నెలల తర్వాత మార్కులు ఎక్కకపోతే మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. బజారులో అమ్మే రెడీమేడ్ జవాబులు కొనకండి. ఒకే సెంటరులో పదిమంది అదే జవాబు రాస్తే దిద్దేవారికి మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

లెక్కల పేపర్లంటే భయపడేవాళ్లకు ఒక మాట. పుస్తకంలోని ఫ్యాక్టరీ లెక్కలు పక్కన పెట్టి, మీ వీధిలోని టిఫిన్ సెంటరుతో మొదలుపెట్టండి. నెలకు అద్దె 18,000, ఇద్దరు పనివాళ్ల జీతం 32,000, అప్పు మీద వడ్డీ, మిగతావి కలిపి 10,000 అనుకుందాం. ఒక్క ప్లేటు అమ్మకపోయినా ఈ 60,000 రూపాయలు కట్టాల్సిందే, ఇది స్థిర వ్యయం. ఇడ్లీ ప్లేటు ధర 40. పిండి, చట్నీ, సాంబారు, గ్యాస్, ఆకు కలిపి ప్లేటుకు 24. మిగిలే 16 కాంట్రిబ్యూషన్. అది ఇంకా లాభం కాదు, ముందు ఆ 60,000ను పూడ్చాలి. 60,000ను 16తో భాగిస్తే 3,750 ప్లేట్లు. అదే బ్రేక్ ఈవెన్, అంటే లాభమూ నష్టమూ లేని చోటు. నెలకు 26 రోజులు తెరిస్తే రోజుకు 144.23. ఇక్కడ 144 అని రాస్తే తప్పు. రోజుకు 144 చొప్పున నెలకు 3,744 ప్లేట్లే అవుతాయి, ఇంకా నష్టంలోనే ఉన్నట్టు. 145 అని రాయాలి. నెలకు 5,000 ప్లేట్లు అమ్మితే లాభం 1,250 గుణించి 16, అంటే 20,000. మార్జిన్ ఆఫ్ సేఫ్టీ 25 శాతం, అంటే అమ్మకం అంత పడిపోయేదాకా నష్టం రాదు.

ఇప్పుడు డెలివరీ యాప్‌లో పెడదాం. కమీషన్ 25 శాతం అనుకుంటే ప్లేటుకు 10 పోతుంది, డబ్బాకు ఇంకో 3. మిగిలేది 3 రూపాయలు. మొత్తం అమ్మకం యాప్‌లోనే అయితే బ్రేక్ ఈవెన్ 20,000 ప్లేట్లకు చేరుతుంది. సగం కౌంటరు, సగం యాప్ అయితే సగటు కాంట్రిబ్యూషన్ తొమ్మిదిన్నర, కావలసినవి 6,316 ప్లేట్లు. ‘గిరాకీ ఫుల్లు, చేతిలో పైసా లేదు’ అని ఆ హోటలాయన ఎందుకంటాడో ఈ లెక్కలో కనిపిస్తుంది. పరీక్షలో వచ్చే సేల్స్ మిక్స్ (రకరకాల అమ్మకాలు కలిసినప్పటి లెక్క) ప్రశ్న కూడా ఇదే, ఇడ్లీకి బదులు రెండు రకాల ఫ్యాన్లు ఉంటాయి, అంతే. జవాబుతో పాటు వర్కింగ్ నోట్సు తప్పకుండా రాయండి. చివరి అంకె తప్పినా దారికి మార్కులుంటాయి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు థియరీలో పెద్ద పెద్ద ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పడతారు. అనవసరం. ఎనిమిది, పది మాటల వాక్యాలు చాలు: నిర్వచనం, ఒక పటం, మన చుట్టూ ఉన్న కంపెనీ ఉదాహరణ. కేసు ప్రశ్నలో కథను తిరిగి చెప్పడం అందరూ చేసే తప్పు. సమస్య ఏమిటో రెండు వాక్యాల్లో తేల్చి, కేసులో ఉన్న అంకెలతో కారణం చూపించి, ఒక్క సిఫారసు మీద నిలబడండి.

ప్రాజెక్టుకు సినాప్సిస్, అంటే ఏం చేస్తారో ముందుగా రాసిచ్చే ప్రతిపాదన, ఆమోదం పొందకముందే సర్వే మొదలుపెడితే శ్రమ వృథా కావచ్చు. ‘హైదరాబాద్‌లో వినియోగదారుల ప్రవర్తన’ లాంటి మరీ విశాలమైన విషయాలను ఆమోదించకుండా తిప్పి పంపుతారు. ఒక సూపర్ మార్కెట్ శాఖలో సొంత బ్రాండు పప్పులు ఎవరు కొంటున్నారు, ఎందుకు కొనడం లేదు అన్నంత ఇరుకుగా ఉండాలి. ఎంతమందిని అడుగుతారు, ఎలా ఎంచుకుంటారు, ఏ నెలల్లో, ఆ అంకెల మీద ఏ పరీక్ష నడుపుతారు అన్నవి సినాప్సిస్‌లోనే రాయండి. డేటా ఇస్తామని సంస్థ నోటిమాటగా అంటే చాలదు, ఉత్తరం తీసుకోండి. మీకు మాటిచ్చిన మేనేజరు బదిలీ అయితే ఆ తలుపు మూసుకున్నట్టే. గైడ్ బయోడేటా మీద ఆయన సంతకం కావాలి. ఆమోదం పొందిన సినాప్సిస్, అది మీ సొంత పని అన్న ధ్రువపత్రం రెండూ చివరి రిపోర్టులో కలిపి బైండ్ చేయాలి. బైండింగ్ షాపుకు వెళ్లే ముందు ఆ ధ్రువపత్రం మీద మీ సంతకం, గైడ్ సంతకం రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.