1993 లేని ఫైలు

ప్రతి సెమిస్టరు మొదటి వారంలో పిల్లలకు ఒకే పని చెబుతాను. ప్రపంచంలో జరిగిన ఉగ్రదాడుల వివరాలుండే గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్ తెరిచి, 1970 నుంచి ఏడాదికెన్ని దాడులు జరిగాయో గ్రాఫ్ గీయమంటాను. క్రిమినాలజీలో పీహెచ్‌డీ చేసి ఇక్కడ అమెరికాలో ఉగ్రవాదం మీద పాఠాలు చెబుతున్నాను కాబట్టి నా రోజంతా ఇలాంటి ఫైళ్లతోనే.

గ్రాఫ్‌లో 1993 దగ్గర ఏమీ ఉండదు. ఆ ఏడాది ప్రపంచం కాస్త ప్రశాంతంగా ఉందేమోనని రాసేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద మొదటిసారి బాంబు పేలింది ఆ ఫిబ్రవరి 26నే. బొంబాయి వరస పేలుళ్లలో 250 మందికి పైగా చనిపోయింది ఆ మార్చి 12నే.

మరి అవెక్కడ? 1970 నుంచి 1997 దాకా ఈ వివరాలు సేకరించింది పింకర్టన్ అనే ప్రైవేటు సెక్యూరిటీ సంస్థ. వార్తల్లోంచి ఏరి కార్డుల మీద రాసి పెట్టుకున్నారు. ఆఫీసు మార్చినప్పుడు 1993 కార్డులు పోయాయి. మేరీలాండ్ యూనివర్సిటీలో గ్యారీ లాఫ్రీ బృందం మిగతా కార్డులు తెచ్చి కంప్యూటర్లోకి ఎక్కించింది. పోయిన ఏడాదిని తిరిగి కూర్చాలని చూస్తే కొంతే దొరికింది. అందుకే ప్రధాన ఫైల్లో దాన్ని కలపలేదు. అరకొర అంకెలు పెట్టి నమ్మించడం కన్నా ఖాళీగా వదిలేయడమే నిజాయితీ. ఈ మాట పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

తర్వాత హైదరాబాద్ చూపిస్తాను. 2007 ఆగస్టు 25 సాయంత్రం గోకుల్ చాట్, లుంబినీ పార్క్‌లలో జరిగిన పేలుళ్లు. పథకం ఒకటే అయినా చోట్లు వేరు కాబట్టి ఈ డేటాబేస్ నియమం ప్రకారం రెండు ఘటనలు, రెండు వరసలు. ఒక్కో వరసలో ఆయుధం, లక్ష్యం, మృతులు, క్షతగాత్రులు. మర్నాటి పేపర్లో ఉండే మృతుల సంఖ్యకూ, ఆస్పత్రుల్లో ప్రాణాలు వదిలినవాళ్లను కలిపాక వచ్చే సంఖ్యకూ తేడా ఉంటుంది. ఏది రాయాలో తేల్చుకోవడానికి ఒక్కోసారి పూట పడుతుంది. ఆ గడిలో ఒకటి తగ్గితే ఒక మనిషి లెక్కలోంచి పోయినట్టే, అందుకే తొందరపడను.

టీవీ చర్చల్లో తర్వాతి దాడి ఎక్కడో చెప్పేవాళ్లకు ఉన్న గిరాకీ ఈ పనికి లేదు. నాకు మాత్రం ఇదే అసలు పని.

తెలుగు పిల్లలు ఈ రంగంలోకి రావాలని నా కోరిక. 2008 జూన్ 29న బలిమెల రిజర్వాయర్‌లో గ్రేహౌండ్స్ పడవ మీద మావోయిస్టులు దాడి చేశారు. అది జరిగింది ఒడిశాలో, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మన ఆంధ్ర పోలీసులు. అలాంటి ఘటన పూర్తిగా అర్థం కావాలంటే వార్తా సంస్థ పంపిన వార్త ఒక్కటే చాలదు, తెలుగు పేపర్ల జిల్లా ఎడిషన్లు చదవగలిగినవాళ్లు కావాలి. స్టాటిస్టిక్స్ నేను నేర్పిస్తాను.