లక్క పిడతలకు ఐఎస్‌ఐ గుర్తు అడిగిన రోజు నుంచి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక ప్లేస్కూలు వారు 40 సెట్ల లక్క పిడతలు కావాలన్నప్పుడు, ఏటికొప్పాకలో ఉన్న నాన్నకు అప్పటికప్పుడే ఫోను చేసి చెప్పాను. అడ్వాన్సు ఇవ్వబోతూ మేడం వేసిన ప్రశ్నతో నా సంతోషం కాస్తా ఆగిపోయింది. "పిల్లలు ఆడుకునేవి కదా, వీటి మీద ఐఎస్‌ఐ గుర్తు ఏదండీ?" అని ఆవిడ అడిగారు. గాజువాకలో ఒక ప్రైవేటు కార్యాలయంలో లెక్కలు రాసుకుంటూ, ఆదివారాలు ఊరి నుంచి బొమ్మలు తెచ్చి తెలిసినవాళ్లకు అమ్ముతున్న నాలుగేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. అడగడం తప్పు కాదు. పిల్లల నోట్లోకి వెళ్లే వస్తువు గురించి ఎవరైనా అడగవలసిన ప్రశ్నే అది.

విచారిస్తే తెలిసిందేమిటంటే, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆట వస్తువులకు ఆ గుర్తు తప్పనిసరి అయింది. అయితే కేంద్ర హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులు తామే తయారుచేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. ఒక ప్రాంతానికే ప్రత్యేకమైనవిగా భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన వస్తువులను, ఆ పేరు వాడుకునే హక్కుతో అధీకృత వాడుకరులుగా నమోదైనవారు అమ్మినప్పుడూ ఆ మినహాయింపు వర్తిస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లోనే వచ్చింది కాబట్టి మాకు ఇబ్బంది లేదనుకున్నాను. కానీ ఊరి పేరుకు వచ్చిన గుర్తింపు ఇంటింటికీ దానంతట అది రాదు, ఎవరికి వారు నమోదు చేయించుకోవాలి. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఊరంతా పండగ చేసుకున్నట్టే సంబరపడిన మా నాన్న దగ్గర, తాను కళాకారుడినని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. కార్డు అంటే ఆయన దృష్టిలో రేషన్ కార్డే.

నియమంలోని "తామే తయారుచేసి అమ్మే" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా ఇంట్లో చేసేది నాన్న, అమ్మేది నేను. అందుకని బిల్లు నాన్న పేరుతోనే ఇవ్వాలని, రంగులు వేయడం, చిన్న బొమ్మలు తీయడం నాకూ చేతనవును కాబట్టి హస్తకళల విభాగం ఇచ్చే కళాకారుల గుర్తింపు కార్డుకు ఇద్దరం వేర్వేరుగా దరఖాస్తు పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాను.

నాన్న ఆధార్‌కు ఫోను నంబరు జోడించి లేదు. దాన్ని జోడించడానికి వెళ్తే ఆయన వేలిముద్రలు పడలేదు. కుడి చేతి వేళ్లు, ఎడమ చేతి వేళ్లు, తుడిచి మళ్లీ కుడి చేతివి, ఏవీ యంత్రం ఒప్పుకోలేదు. లేతు మిషను మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీని అదిమి పట్టుకుంటే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. నలభై ఏళ్లు అలా కర్రతో, ఉలితో, లక్కతో రాసుకున్న వేళ్లు నున్నగా అరిగిపోయాయి. ఆయన పనివాడనడానికి అంతకంటే రుజువు ఏం కావాలని నాకు అనిపించింది గాని, యంత్రానికి ఆ సంగతి ఎవరు చెబుతారు? రెండో కేంద్రంలో కంటిపాపలతో ప్రయత్నిస్తే పని జరిగింది.

నాకు వచ్చిన చిక్కు నేను తెచ్చుకున్నదే. ఉద్యోగంలో చేరినప్పుడు ఆధార్‌లో గాజువాక అద్దె ఇంటి చిరునామా పెట్టించుకున్నాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి మా ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. కాగితం మీద నేను విశాఖ నగరవాసిని, నా పనిముట్లు మాత్రం పక్క జిల్లాలో ఉన్నాయి. చిరునామా తిరిగి ఊరికి మార్పించుకునే దాకా నా దరఖాస్తు కదలలేదు. దానికోసం మూడు శనివారాలు సెలవు పెట్టి, బస్సులో అడ్డరోడ్డు దాకా వెళ్లి అక్కడి నుంచి ఆటో ఎక్కాను.

పరిశీలనకు వచ్చిన అధికారి ముందుగా నాన్నను ఏమీ అడగలేదు. చేతులు చూసి నవ్వారు. నన్ను మాత్రం ఒక బొంగరం తీయమన్నారు. కర్ర బిగించి, ఉలి ఆనించి ఆకారం తెచ్చాక, పసుపు కలిపిన లక్క, దాని కింద జాఫ్రా గింజల ఎరుపు పట్టించాను. చివర మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెచ్చేటప్పుడు చెయ్యి కొంచెం వణికి, పసుపు గీత ఒకచోట వంకర పోయింది. "ఫ్యాక్టరీలో చేసినదైతే ఇలా ఉండదు లెండి" అంటూ ఆయన రాసుకున్నారు. ఆ బొంగరాన్ని నేను ఎవరికీ అమ్మలేదు.

కార్డులు వచ్చాక ప్లేస్కూలుకు నకలు చూపించాను. చిన్న పిల్లలు మింగే ప్రమాదం ఉన్న బుల్లి మూతలు తీసేసి, మిగతా పాత్రలను కాస్త పెద్దవిగా చేసి 40 సెట్లూ అందజేశాం.

ఆ తరువాత పీఎం విశ్వకర్మ పథకం సంగతి వచ్చింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో బొమ్మల తయారీ ఒకటి. శిక్షణతో పాటు, పనిముట్లకు 15,000 రూపాయలు, మొదటి విడతగా 5 శాతం వడ్డీకి లక్ష రూపాయల వరకు అప్పు ఇస్తారు. అయితే కుటుంబంలో ఒక్కరికే, పెళ్లికాని పిల్లలు కూడా తల్లిదండ్రుల కుటుంబం కిందే లెక్క. పని నాన్నది గనుక ఆయన పేరే రాయిద్దామన్నాను. "నాకు నేర్పేవాళ్లెవరే? నువ్వే రాయించుకో అమ్మా, ఆదివారం ఆదివారం వచ్చి చేసే పనా ఇది?" అన్నారు నాన్న. అమ్మ మాత్రం, రేపు పెళ్లై వెళ్లిపోతే ఆ అప్పు ఎవరు కడతారని రెండు రోజులు మాట్లాడలేదు. చివరకు నా పేరే రాయించాం. దరఖాస్తు పంచాయతీ మెట్టు దాటి ఇప్పుడు జిల్లా పరిశీలనలో ఉంది. గాజువాక ఉద్యోగానికి ఇంకా రాజీనామా ఇవ్వలేదు.