రాట్నం తిరుగుతోంది, నూలేదీ?

కాఫీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది, పొందూరు నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. "ఏమ్మా, మన దుకాణం పేరు కొడితే గూగుల్లో వస్తోంది గానీ, పొందూరు ఖాదీ పంచె అని కొడితే మనది ఎక్కడా కనబడ్డం లేదు. నెల దాటిపోనాది కదా" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. ఆ సైటు కట్టింది నేనే. మూడు నెలలు రాత్రుళ్లు కూర్చుని, పేజీని చూసేవాళ్ల బ్రౌజరులోనే తయారుచేసే జావాస్క్రిప్ట్ సరంజామా రియాక్ట్‌లో, ఎంతో ఇష్టంగా కట్టాను. నలభై ఆరు రకాల బట్ట అందులో ఉంది. ఆ దుకాణానికి నూలు వడికేవాళ్లూ నేసేవాళ్లూ నాకు చిన్నప్పట్నుంచీ తెలిసినవాళ్లు.

ఇంటి పని పక్కన పెట్టి మన సైటు గూగుల్‌కి ఎలా అందుతోందో చూపించే సెర్చ్ కన్సోల్ తెరిచాను. హోమ్ పేజీ అడ్రసు ఇచ్చి లైవ్ టెస్ట్ నొక్కితే, గూగుల్‌కి మన పేజీ ఎలా కనబడుతోందో స్క్రీన్‌షాట్ ఇస్తుంది. పైన దుకాణం పేరు, మధ్యలో రాట్నం బొమ్మ, అంతే. సరుకు లోడయ్యేదాకా తిరుగుతూ ఉండాలని ఆ రాట్నం నేను పెట్టిందే. ఒక్క చీర లేదు, ఒక్క పంచె లేదు. కింద చూస్తే ఒక ఫైలు రోబోట్స్ టెక్స్ట్ (బాట్లు, అంటే సైట్లు తిరిగి చదివే ప్రోగ్రాములు, ఎక్కడికి రాకూడదో చెప్పే ఫైలు) వల్ల అందలేదని రాసుంది. ఆ ఆంక్ష కూడా నేను రాసిందే. సర్వరు చిన్నది, బాట్లు వచ్చి డేటా దారిలో తిరిగితే భారమవుతుందని, సరుకు జాబితా ఇచ్చే ఆ ఏపీఐ దారి మూసేశాను. గూగుల్ నా స్క్రిప్టు నడిపింది, స్క్రిప్టు సరుకు జాబితా అడిగింది, ఆ తలుపుకి తాళం వేసి ఉంది.

నాలా సైట్లు కట్టేవాళ్లలో చాలామంది "గూగుల్ జావాస్క్రిప్ట్ నడిపేస్తుంది, బెంగ లేదు" అంటారు. నేనూ అదే నమ్మాను. అది అబద్ధం కాదు. గూగుల్‌బాట్ ముందు హెచ్‌టీఎంఎల్ అనే పేజీ ఫైలు తీసుకుంటుంది, తర్వాత పేజీని వరసలో పెట్టి, క్రోమ్ బ్రౌజరుకి మూలమైన క్రోమియంలో నడిపి చూస్తుంది. 2019 మే దాకా ఆ పనికి 2015 నాటి క్రోమ్ 41 వాడేవారు, అప్పట్నుంచి కొత్త క్రోమ్ వస్తే దానితోపాటే మారుతోంది. కానీ ఆ బాట్ చూడటమే తప్ప దేన్నీ నొక్కదు, మనలా కిందికి జరుపుకుంటూ వెళ్లదు. నా పేజీలో ఒక్కో బట్ట బొమ్మా ఒక్కో డివ్, అంటే ఒట్టి పెట్టె. వేలితో నొక్కితే తెరుచుకుంటుంది. లింకుని లింకుగా చేసే యాంకర్ ట్యాగూ లేదు, అది ఎక్కడికి పోతుందో చెప్పే హెచ్‌రెఫూ లేదు. బాట్‌కి అది లింకే కాదు.

ఇంకా పెద్ద తప్పు అడ్రసుల్లో ఉంది. చవక హోస్టింగులో పేజీ రిఫ్రెష్ చేస్తే 404 (పేజీ దొరకలేదని) వస్తోందని అప్పట్లో నేను అడ్రసులో హాష్ (#) పెట్టే దారి పట్టాను. దుకాణం అడ్రసు, హాష్ గుర్తు, ఆ తర్వాత పంచెలు, దాని నంబరు. రిఫ్రెష్ గొడవ ఆ పూటకి తీరింది. అయితే హాష్ తర్వాత ఉన్నదేదీ సర్వరు దాకా పోదు, బ్రౌజరులోనే ఉండిపోతుంది. గూగుల్ కూడా దాన్ని వేరే పేజీగా లెక్కెయ్యదు. అంటే నలభై ఆరు బట్టలూ దాని లెక్కలో ఒకే పేజీ. 2009లో గూగుల్ వాళ్లే ఇలాంటి అడ్రసుల్ని చదవడానికి హాష్ పక్కన ఆశ్చర్యార్థకం పెట్టే పద్ధతి ఒకటి తెచ్చి, 2015లో ఇక వద్దన్నారు. పని నేర్చుకునేటప్పుడు పాత ముచ్చటలా చదివి పేజీ తిప్పేశాను.

మధ్యాహ్నం బస్సెక్కి పొందూరు వెళ్లాను. వెళ్లడానికి ఇంకో కారణం ఉంది. బట్ట వివరాలన్నీ ఫోటోల మీద అచ్చు వేసినవే, పేజీలో అక్షరాలుగా లేవు. సైటు ఎంత బాగు చేసినా, చదవడానికి మాటలుండాలి కదా. ఆ మాటలు ఇంట్లో కూర్చుని అల్లడం నాకిష్టం లేదు.

దుకాణం వెనక వసారాలో పెద్దమ్మ పత్తి దువ్వుతోంది. వాలుగ చేప దవడ ఎముక, దానికి ఒత్తుగా సన్నటి పళ్లు. గింజతో ఉన్న పత్తిని ఎడమ చేతి వేళ్ల మధ్య పట్టి, ఆ పళ్లతో మెల్లగా లాగుతుంటే పోగులన్నీ ఒకే వైపుకి తిరుగుతాయి, చెత్త రాలిపోతుంది. గింజ తీయడం, ఏకడం, వడకడం అన్నీ దీని తర్వాతే. చుట్టిన ఏకుల్ని ఎండిన అరటి పట్టలో దాస్తారు. వంద కౌంటు సన్నటి నూలు ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. ఇదంతా నా సైట్లో ఒక్క ముక్క కూడా లేదే అని మనసు చివుక్కుమంది.

నన్ను చూడగానే పెద్దమ్మ ఫోన్ తీసింది. మనవడు పాతది ఇచ్చాడట, అద్దం ఒక మూల పగిలింది. "మన బట్ట ఇందులో కనబడతాదన్నారు, సూపించమ్మా" అంది. లింకు నొక్కాను. తెల్లటి తెర. కాసేపటికి రాట్నం వచ్చింది. నా స్క్రిప్టు ఫైలు 1.8 ఎంబీ, అక్కడ సిగ్నలు రెండు గీతలు. పెద్దమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఇంకో గుప్పెడు పత్తి దువ్వేసింది. మళ్లీ చూసి అడిగింది. "రాట్నం ఒకటే తిరుగుతున్నాదమ్మా, నూలేదీ?"

పొద్దున గూగుల్ పంపిన స్క్రీన్‌షాటూ ఈ తెరా అచ్చం ఒకలాగే ఉన్నాయి. కారణాలు వేరు. అక్కడ తాళం, ఇక్కడ బరువు. అయినా ఇద్దరికీ చేరింది ఖాళీ పేజీయే. వాళ్ల చేతికి సరుకు ఇవ్వకుండా, సరుకు తయారుచేసుకోమని సామాన్లు పంపాను నేను.

బాబాయ్ గల్లా పక్కనే బల్ల వేసుకుని కూర్చున్నాను. బాట్లకి మాత్రం తయారు పేజీ ఇచ్చి, మనుషులకి పాతదే ఉంచే పద్ధతి ఒకటుంది, డైనమిక్ రెండరింగ్ అంటారు. అది తాత్కాలిక సర్దుబాటేనని గూగులే చెబుతోంది. నాకైతే అసలే నచ్చలేదు, పెద్దమ్మకి మళ్లీ రాట్నమే మిగులుతుంది. నిమిషానికోసారి ధర మారే సరుకైతే, ఎవరైనా అడిగినప్పుడల్లా సర్వరులో పేజీ తయారుచేసి పంపడం అవసరం. మాది వారానికోసారి మారే జాబితా. అందుకని బిల్డ్ చేసేటప్పుడే, అంటే సైటుని సర్వరుకి ఎక్కించే ముందే, ఒక్కో బట్టకీ ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలు తయారయ్యేలా మార్చాను. పేరు, ధర, వివరం అన్నీ అందులోనే అక్షరాలుగా ఉంటాయి. స్క్రిప్టు వెనకాల వస్తుంది, బుట్టలో వేసుకోవడానికి. హాష్ తీసేశాను. ఏ అడ్రసుకి ఆ ఫైలు ఉంది గనక రిఫ్రెష్ గొడవ కూడా పోయింది. లేని బట్ట అడిగితే ఇప్పుడు 404 అనే చెబుతుంది. హాష్ ఉన్నన్నాళ్లూ ఏది అడిగినా 200, అంటే దొరికింది, అని చెప్పి హోమ్ పేజీ ఇచ్చేది. బొమ్మలన్నిటికీ హెచ్‌రెఫ్ పెట్టి, ప్రతి పేజీకీ దాని టైటిల్ దానికి రాశాను. రోబోట్స్‌లో ఆ ఒక్క వరస కొట్టేశాను.

వివరాలు రాయడానికే ఎక్కువసేపు పట్టింది. బాబాయ్ ఒక్కో తాను విప్పి చూపిస్తుంటే, పక్కనుంచి పెద్దమ్మ సరిదిద్దుతుంటే, చీకటి పడేసరికి పదిహేను అయ్యాయి.

ఆఖరి బస్సుకి ముందు జరీ అంచు పంచె లింకు బాబాయికి వాట్సాప్‌లో పంపాను. ఇదివరకు ఒట్టి అడ్రసు మాత్రం పడేది. వాట్సాప్ మన స్క్రిప్టు నడపదు, హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న పేరు, బొమ్మ, వివరం చెప్పే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులే చదువుకుంటుంది. ఈసారి పంచె బొమ్మ, కింద పేరు, ధర వచ్చాయి. బాబాయ్ అది పెద్దమ్మకి పంపి, ఆవిడ ఫోన్లోనే తెరిచి చూశాడట. నేను బస్సులో ఉండగా మెసేజ్ పెట్టాడు: "బేగి వచ్చిందంటోంది."

సెర్చ్ కన్సోల్‌లో కొత్త సైట్‌మ్యాప్, అంటే సైట్లోని పేజీల జాబితా, ఇచ్చాను. గూగుల్ వచ్చి చూసి చేర్చుకోవడానికి రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. ఇంకా ముప్పై ఒకటి రాయాలి. రేపు పొద్దున్నే బాబాయిని అడగాలి: గళ్ల చీర పన్నా ఎంత, తెల్ల పంచెల్లో కొండపత్తివి ఏవి, పెద్దమ్మ దువ్వే పత్తి ఫోటో తీసి పెట్టనిస్తుందా.