వఫ్రా తోటలో బాతు గుడ్లు

కువైట్‌లో బాతును బత్ అంటారు. భాష రాక మొదట్లో అన్నిటికీ చేతులూపిన నాకు, ఈ ఒక్క మాట ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

నేనుండేది వఫ్రాలో. కువైట్‌కు దక్షిణాన, సౌదీ సరిహద్దు దగ్గర, ఇసుకలో పెంచుతున్న తోటలు. మా మజ్రాలో, అంటే తోటలో, గ్రీన్‌హౌసుల నిండా దోసకాయలు, టమాటాలు. ఒక పక్కన మేకలు, పావురాలు, సిమెంటు తొట్టిలో ఆరు తెల్ల బాతులు. కఫీల్ (నాకు వీసా ఇచ్చిన యజమాని) కుటుంబం గురువారం రాత్రి వచ్చి శనివారం వెళ్లిపోతుంది. మిగతా రోజులు నేనూ, ఒక బంగ్లాదేశ్ అన్నా, ఈ జీవాలూ.

ఫిబ్రవరిలో బాతులు గుడ్లు పెట్టాయి గానీ ఒక్కటీ పొదుగుకు కూర్చోలేదు. మా కోనసీమలోనూ అంతే, అందుకే అమ్మ బాతు గుడ్లను కోడి కింద పెట్టేది. కోడి లెక్క 21 రోజులు. బాతు గుడ్డుకు 28 కావాలి. పిచ్చి కోడి ఆ పై వారం కూడా లేవకుండా కూర్చునేది. రెండేళ్లని వచ్చి ఆరేళ్లుగా ఇక్కడే ఉన్నాను కదా, ఆ కోడి ఈమధ్య తరచూ గుర్తొస్తోంది.

కఫీల్ కొడుకు శుక్రవారం సంత నుంచి గుడ్లు పొదిగే చైనా మెషిన్ ఒకటి తెచ్చి నా గదిలో పెట్టాడు. 12 గుడ్లు సర్ది, 12 పిల్లలు కావాలన్నాడు. గుడ్డుకూ పిల్లకూ మధ్య ఎంత దూరముందో ఆ అబ్బాయికి తెలీదు. నిజానికి అప్పటికి నాకూ తెలీదు.

వేడి 37.5 డిగ్రీల దగ్గర పెట్టి, రోజూ గుడ్లు తిప్పాను. ఏడో రోజు రాత్రి ఫోను టార్చి మీద పెట్టి చూస్తే లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు. మూడింటిలో ఏమీ లేదు. మురిగితే పేలి మిగతావాటిని పాడుచేస్తాయని తీసేశాను. 26వ రోజు ఒక గుడ్డు మీద చిన్న బీట కనబడింది. లోపల కీచుకీచుమంటోంది. మధ్యాహ్నం పని నుంచి వచ్చి చూస్తే అదే బీట. సాయంత్రమూ అంతే. ఊపిరాడక చచ్చిపోతుందేమోనని టెన్షన్. గోటితో పెంకు ఒలిచాను. రక్తం వచ్చింది. రాత్రికి ఆ పిల్ల పోయింది.

మరో మూడు అసలు బయటికే రాలేదు. ఏసీ పొడిగాలి, దానికితోడు నేను నిమిషానికోసారి మూత తీసి చూడటం. పెంకు లోపలి పొర ఎండి, కాగితంలా పిల్లకు అతుక్కుపోయింది. ఐదు బతికాయి. మిగతా ఏడూ ఏవని కఫీల్ కొడుకు అడిగితే నా దగ్గర ఉన్న అరబీ చాల్లేదు.

రాత్రి రెండింటికి ఐమోలో అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ నాలుగున్నర, అప్పటికే పొయ్యి దగ్గరుంది.

"ఎందుకు ఒలిచావురా? మన కోడి ఎప్పుడైనా పెంకు ఒలిచిందా?"

ఒలవలేదు. ముక్కుతో బీట పెట్టాక పిల్ల ఊరికే ఉండదట. పొర నరాల్లోని రక్తాన్నీ, మిగిలిన పచ్చసొననూ ఒంట్లోకి లాక్కుంటుంది. అందుకు ఒక రోజు పడుతుంది, ఒక్కోసారి రెండు. ఆఖరి రోజుల్లో అమ్మ కోడి కింద గుడ్ల మీద నీళ్లు చిలకరించడం ఎందుకో కూడా అప్పుడే తెలిసింది.

ఏప్రిల్‌లో మళ్లీ 12 పెట్టాను. ఈసారి మెషిన్ ఏసీ గాలి తగలని మూలన. 25వ రోజున తిప్పడం ఆపి, తడి స్పాంజీలు పెట్టి, తేమ 70 శాతం దాకా తెచ్చి, మూత మీద టేపు అంటించాను. ఆ టేపు గుడ్ల కోసం కాదు, నా చేతుల కోసం.

ఒక్క గుడ్డు దగ్గర మాత్రం టేపు తీయాల్సొచ్చింది. బీట సన్నటి కొస వైపు పడింది, వెడల్పు వైపు పడాలి. ఒకటిన్నర రోజు గడిచినా కదలిక లేదు. ఇయర్‌బడ్‌ను గోరువెచ్చటి నీళ్లలో ముంచి పొర తడిపితే ఎర్ర నరాలు కనబడ్డాయి. ఆగిపోయాను. మళ్లీ పొద్దున్నే తడిపి చూస్తే నరాలు మాయం. ముక్కు చుట్టూ కొంచెం పెంకు తీసి వదిలేశాను. మిగతాది తన్నుకుని అదే వచ్చింది.

మొత్తం పది. శుక్రవారం కఫీల్ పిల్లలు వాటిని నేరుగా తొట్టిలో వేయబోతే "లా, లా" అని అడ్డుపడ్డాను. తల్లి కింద పెరగని పిల్లల నూగుకు నూనె అంతగా ఉండదు, తడిసి చలికి పోతాయి. పళ్లెంలో గులకరాళ్లు వేసి, వేలెడు లోతు కూడా లేకుండా నీళ్లు పోసిచ్చాను. బాతు పిల్లకు నీళ్లెందుకు వద్దంటున్నానో వాళ్లకు అర్థం కాలేదు. నన్నో పిచ్చివాడిలా చూశారు.

ఆ రాత్రి అమ్మకు వీడియోలో చూపించాను. పది అని చెప్పినా లెక్కపెట్టలేదు.

"ఆ చివరిదాని కాళ్లు పక్కలకు జారిపోతున్నాయి చూడు. కింద పేపరు తీసేసి గోనెసంచి వెయ్యి."

వేశాను. బ్యాండేజీ టేపు సన్నగా కత్తిరించి, రెండు కాళ్లకూ వదులుగా కలిపి కట్టాను. ఫోను అలాగే పట్టుకుని ఉండమంది అమ్మ, అది నిలబడే దాకా.